దారి, బడి, ఖజానా: ఆదోని - ఎమ్మిగనూరు ప్రాంతంలో అభ్యర్థుల మాట, దళితుల లెక్క

ఎన్నికలొచ్చాయంటే ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా అభ్యర్థి మూడు మాటలు తప్పకుండా చెప్తాడు. రోడ్లు వెడల్పు చేయిస్తా, ట్రాఫిక్ ఇబ్బంది తీరుస్తా అంటాడు. బడులు బాగుచేయిస్తా అంటాడు. ప్రభుత్వం నుంచి నిధులు తెస్తా అంటాడు. ఈ మూడింటికీ కులం లేదని, ఇవి ‘అందరి సమస్యలు’ అని మన చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతారు. కులం ప్రస్తావన తెచ్చేవాళ్ళను అభివృద్ధికి అడ్డం పడేవాళ్ళుగా చూస్తారు. కానీ ఈ ప్రాంత చరిత్ర తిరగేస్తే దారి, బడి, ఖజానా ఈ మూడింటి పునాదిలోనూ కులమే కనిపిస్తుంది. హక్కు కాగితం మీదికి ముందు వచ్చింది, దాన్ని అమలుచేసే డబ్బు చాలా ఆలస్యంగా వచ్చింది, కొన్నిచోట్ల అసలు రానేలేదు. ఈ రెంటికీ మధ్యనున్న ఎడాన్ని చూపించడమే ఈ వ్యాసంలో మేము చేస్తున్న పని.

ఇప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లాలోది. ఎమ్మిగనూరు ఆ తాలూకాలోని నేతగాళ్ళ ఊరు. ఆదోని పత్తి వ్యాపార కేంద్రం. 1865 పట్టణాభివృద్ధి చట్టం కిందనే ఆదోనికి మునిసిపాలిటీ వచ్చింది. 1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు మార్గం ఆదోని మీదుగా పూర్తయింది. అదే ఏడాది వచ్చిన స్థానిక నిధుల చట్టం భూమిశిస్తు మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో రోడ్లు, బడులు, ఆరోగ్యం చూడమంది. పత్తి బండి రైలు స్టేషను చేరాలి గనుక రోడ్డు మొదటి అవసరమైంది. ఎవరి సరుకు నడవాలో వాళ్ళ అవసరమే ‘ప్రజావసరం’ అయింది.

ఆ రోడ్ల మీద ఎవరి చెమట ఉందో కూడా చూడాలి. 1876-78 నాటి ధాత కరువు ఈ ప్రాంతాన్ని నాశనం చేసింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య బళ్ళారి జిల్లా జనాభాలో ఐదోవంతు, కర్నూలు జిల్లాలో నాలుగోవంతు తగ్గిపోయింది. కరువు పనుల పేరుతో జనం రాళ్ళు కొట్టారు, మట్టి మోశారు. రిచర్డ్ టెంపుల్ 1877లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం ఖరీదు, దాని మీద కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. పౌను అంటే అర కేజీ కూడా లేదు. ఆ పనుల్లోకి వచ్చినవాళ్ళలో భూమిలేని కూలీలు, మాల మాదిగలు, మగ్గం ఆగిపోయిన నేతగాళ్ళు ఉన్నారు. ప్రాణాలు పెట్టి దారులు వేసినవాళ్ళే ఊళ్ళోకి వచ్చేసరికి చెప్పులు చేతబట్టుకోవాలి. పెళ్ళి ఊరేగింపు నడివీధిలోకి రాకూడదు. ఆ చెప్పులు కుట్టింది మాదిగలు. కపిల బావికి తోలు బాన కుట్టిందీ వాళ్ళే. వస్తువుకు లేని అంటు మనిషికి ఉంది. కాబట్టి రోడ్డు మీద ఎవరు ముందు పోవాలి, ఎవరు పక్కకు తప్పుకోవాలి అనే తగాదా మోటారు బండ్లతో మొదలైంది కాదు.

రోడ్డు మీద నడిచే హక్కు కోసం మద్రాసు శాసనమండలిలో కొట్లాడవలసి వచ్చింది. 1924లో ఆర్. వీరయ్యన్ అనే దళిత సభ్యుడు తెచ్చిన తీర్మానం నెగ్గి, ప్రజాధనంతో నిర్వహించే రోడ్లు, వీధులు, బావులు అందరూ వాడుకోవచ్చని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 1938లో ఎం.సి. రాజా చొరవతో పౌర అనర్హతల నిర్మూలన చట్టం వచ్చింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వీరయ్యన్ దయ అడగలేదు. ప్రజాధనం ఖర్చయినచోట అంటరానితనం చెల్లదు అన్నాడు. ఖర్చుకూ హక్కుకూ ముడి వేశాడు. కానీ ఆ ఉత్తర్వును ఊళ్ళో అమలు చేయాల్సిన లోకల్ బోర్డుల్లో కూర్చున్నది ఎవరు? ఓటు హక్కు పన్ను కట్టేవాళ్ళకు, ఆస్తిపరులకు పరిమితమైన రోజులవి. దారి అడ్డగించినవాళ్ళ చేతికే దారి తెరిచే కాగితం అందింది.

బడి కథ కూడా ఇట్లాంటిదే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి మద్రాసు రాష్ట్రంలో ప్రభుత్వ, స్థానిక సంస్థల యాజమాన్యంలో ఉన్న 8,157 బడుల్లో పంచమ పిల్లల్ని చేర్చుకున్నవి 609 మాత్రమే. అంటే వందకు ఏడెనిమిది. అగ్రహారాల్లో, గుళ్ళ పక్కన, దొరల చావడుల్లో బడి పెడితే దళిత పిల్లవాడు ఎట్లా పోతాడు? పోరాదన్న బోర్డు అక్కర్లేదు, బడి ఉన్న చోటే బోర్డు. బడుల్ని అందరూ రాగలిగే చోటికి మార్చాలని 1919లో ప్రభుత్వం చెప్పింది. ఆ తర్వాత లేబర్ శాఖ ద్వారా దళితులకు వేరే బడులు, బావులు, ఇళ్ళ స్థలాలు, శ్మశానానికి దారులు ఇచ్చే పని మొదలైంది. లేబర్ బడుల్లో అక్షరం నేర్చినవాళ్ళు మన మొదటి తరం చదువరులు. ఆ మేలు కాదనలేం. అయితే అందరి డబ్బుతో నడిచే పెద్ద బడి తలుపు తెరిపించే బదులు, గేరి పక్కన కొద్దిపాటి డబ్బుతో చిన్న బడి పెట్టి ప్రభుత్వం పెద్దకులాలతో తగాదా తప్పించుకుంది. వేరే పద్దు, చిన్న పద్దు అన్న పద్ధతి అక్కడ మొదలైంది.

ఈ నేపథ్యంలో 1955 ఎన్నికల్ని చూడాలి. ఆ ఏడాది ఎమ్మిగనూరు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. కాంగ్రెస్ తరఫున కోట్ల విజయభాస్కరరెడ్డి, దామోదరం సంజీవయ్య గెలిచారు. సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గర పెద్దపాడులో మాల కుటుంబంలో పుట్టారు. కర్నూలులో, అనంతపురంలో చదివి మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. ఇద్దరు సభ్యుల నియోజకవర్గంలో ఒక సీటు దళితులకు రిజర్వు, రెండోది జనరల్. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. దళిత అభ్యర్థి ఊరినీ అడగాలి, గేరినీ అడగాలి. ఇది 1932 పూనా ఒప్పందం ఇచ్చిన ఉమ్మడి ఓటు పద్ధతి. దళితుల ఓటు ఒక్కటే చాలని పరిస్థితిలో దళిత అభ్యర్థి ఎంతవరకు తన జాతి మాట మాట్లాడగలడు అన్న అంబేద్కర్ ప్రశ్న ఇక్కడ పుస్తకంలోది కాదు, ఊరూరా ఎదురయ్యేది.

ఆ పరిమితుల్లోనే సంజీవయ్య ఆలోచనను ఆయన చేసిన పనుల్లో చదవాలి. 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఈ దేశంలో ఆ పదవికి వచ్చిన మొదటి దళితుడాయన. 1962 మార్చి దాకా, అంటే రెండేళ్ళ రెండు నెలలు పాలించారు. ఆ కాలంలో వృద్ధాప్య పింఛను మొదలైంది. 1961 జనవరిలో అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. అదే ఏడాది ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక దృష్టి కనబడుతుంది. ప్రభుత్వ డబ్బు పనిచేయలేని ముసలివాళ్ళకు నేరుగా చేరాలి, మధ్యలో తినేవాణ్ణి పట్టుకోవాలి, బడి అందరికీ తప్పనిసరి కావాలి. ఆయన్ను నిరాడంబరుడని, నిజాయితీపరుడని పొగిడి వదిలేసేవాళ్ళు ఈ దృష్టిని మాట్లాడరు. పొగడ్తకు ఖర్చు లేదు, దృష్టికి ఖర్చుంది.

1961లో పార్లమెంటు ఇద్దరు సభ్యుల నియోజకవర్గాల్ని రద్దు చేసింది. 1962లో సంజీవయ్య కోడుమూరు నుంచి పోటీచేశారు. ఎమ్మిగనూరు జనరల్ అయింది. ఇప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు రెండూ జనరల్ స్థానాలే. రిజర్వుడు స్థానం చట్టసభకు మనిషిని పంపుతుందే గాని, పక్క నియోజకవర్గంలోని గేరికి రోడ్డు వేయించదు. అక్కడి దళితులు ఓటర్లుగా మిగిలారు, అభ్యర్థులుగా మాయమయ్యారు.

తప్పనిసరి చదువు చట్టం వచ్చి యాభై ఏళ్ళయ్యాక 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఉంది. అప్పటి రాష్ట్ర సగటు 67. జిల్లాలో పడమటి మండలాలు ఇంకా వెనక. ఇక్కడ బడి కట్టడం లేకపోవడం ఒక్కటే కారణం కాదు. వాన లేని ఏడు కుటుంబం కుటుంబమే మిరప కోతకు గుంటూరు వైపు, పని వెతుక్కుంటూ బెంగళూరుకు పోతుంది. పిల్లలు వెంట పోతారు. జిల్లాలో హైబ్రిడ్ పత్తి విత్తన చేలల్లో ఆడపిల్లల చేత పూలు అంటించే పని చేయించిన సంగతి అందరికీ తెలుసు. రిజిస్టరులో పేరుంటుంది, బెంచీ మీద పిల్ల ఉండదు. వలస కాలంలో పిల్లల్ని ఊళ్ళోనే ఉంచే హాస్టలు నడపాలంటే డబ్బు కావాలి. ‘బడులు బాగుచేస్తా’ అనే అభ్యర్థి గోడకు సున్నం సంగతి చెప్తున్నాడా, ఈ హాస్టలు సంగతి చెప్తున్నాడా?

ఇక ఖజానా. దళితుల జనాభా దామాషాలో ప్రణాళికా నిధులు కేటాయించాలని 1979లో స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ వచ్చింది. ఏళ్ళ తరబడి ఆ డబ్బు దారి మళ్ళింది. ఉద్యమాలు చేయగా 2013లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. పదేళ్ళ గడువు తీరబోతుంటే 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మరో పదేళ్ళు పొడిగించింది. చట్టమున్నా కిటుకు మారలేదు. ఊరందరికీ వేసిన రోడ్డులో దళితులూ నడుస్తారు గదా అని ఆ ఖర్చులో కొంత మన పద్దులో రాస్తారు. వీరయ్యన్ ప్రజాధనాన్ని చూపించి నడిచే హక్కు అడిగాడు. ఇప్పటి లెక్కలవాళ్ళు మనం నడుస్తున్నామని చూపించి మన డబ్బు తీసుకుంటున్నారు.

అందుకే కార్యకర్తలకు, విద్యార్థులకు, ఉపాధ్యాయులకు మేము చెప్పేది ఇది. అభ్యర్థిని ‘రోడ్డు వేస్తావా’ అని అడగొద్దు. ఏ రోడ్డు, ఎవరి ఇల్లు కూల్చి, ఏ పద్దు కింద అని అడగాలి. రోడ్డు వెడల్పయితే తోపుడు బండి, గంప పెట్టుకొని కూర్చునే ఆడమనిషి ఎక్కడికి పోవాలో అడగాలి. గేరి నుంచి శ్మశానానికి, బడికి దారి ఉందా అని అడగాలి. మునిసిపాలిటీ, పంచాయతీ బడ్జెట్లు సమాచార హక్కు చట్టం కింద తీయించి వీధివారీగా లెక్క రాయాలి. ఒక్కో ఉపాధ్యాయుడు తన బడిలో ఏ నెలలో ఏ వాడ పిల్లలు మాయమవుతున్నారో రాస్తే చాలు, ఈ ప్రాంత విద్యా చరిత్రకు అంతకన్నా గట్టి ఆధారం ఉండదు. ఆ లెక్కలు మన చేతిలో ఉన్ననాడు అభ్యర్థి మన వాడకు వచ్చి చెప్పే మాట మారుతుంది.