డబ్ల్యూబీఎం రోడ్డులో ‘ఎం’ అంటే ఒక మనిషి పేరు

పోయిన వానాకాలం మా అమ్మమ్మకి ఒంట్లో బాగోలేదని ఆటో పిలిస్తే, అది మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోయింది. మా ఇంటికొచ్చే మొరం దారి ముందురోజు వానకి కోసుకుపోయి, మోకాలి లోతు గండి పడింది. అమ్మమ్మని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళాం. తర్వాత ఏం చేశాం? ఏటా చేసేదే. రెండు ట్రాక్టర్ల మొరం తెప్పించి పూడ్చాం. రెండు వానలకి అదీ పోయింది.

అప్పుడు అర్థమైంది, మనం ఫిక్స్ చేస్తున్న చోట బగ్ లేదు. ఆ బగ్ ఎక్కడుందో 200 ఏళ్ళ కిందటే ఒకాయన పట్టుకున్నాడు. ఇవాళ ఆయన కథ.

‘డబ్ల్యూబీఎం రోడ్డు మంజూరైంది’ అని పేపర్లో చదువుతుంటాం కదా. అంటే వాటర్ బౌండ్ మెకాడమ్. ఆ మెకాడమ్ ఒక మనిషి ఇంటిపేరు. జాన్ లౌడన్ మెకాడమ్, 1756లో స్కాట్లండ్‌లో పుట్టాడు. చిన్నప్పుడే న్యూయార్క్ వెళ్ళి, వ్యాపారం చేసి డబ్బు సంపాదించి 1783లో వెనక్కొచ్చాడు. ఇంజనీరింగ్ చదవలేదు. కానీ రోడ్ల పిచ్చి పట్టుకుంది. సొంత ఖర్చుతో బ్రిటన్ అంతా వేల మైళ్ళు తిరిగి, రోడ్లు ఎందుకు పాడవుతున్నాయో చూశాడు.

అప్పటి రోడ్లు ఎలా ఉండేవంటే, చాలాచోట్ల మట్టి, గులకరాళ్ళు కలిపి మధ్యలో ఎత్తుగా గుట్టలా పోసేవాళ్ళు. పక్కకెళ్తే బండి తిరగబడుతుందని అందరూ నడిమధ్యలోనే తోలేవాళ్ళు. దాంతో చక్రాల గాడులు పడేవి. వాన నీళ్ళు పక్కకి జారకుండా ఆ గాడుల వెంబడే పారేవి. అంతే, రోడ్డే కాలువ అయిపోయేది. మా ఇంటి దారిలో ట్రాక్టర్ టైర్ల గాడుల్లో జరిగింది అచ్చంగా ఇదే.

1816లో బ్రిస్టల్ దగ్గర టోల్ రోడ్ల బాధ్యత మెకాడమ్ చేతికొచ్చింది. ఆయన లాజిక్ చాలా సింపుల్. బరువు మోసేది రాయి కాదు, కిందున్న నేల. నేల పొడిగా ఉంటే ఎంత బరువైనా మోస్తుంది. తడిస్తే పైన ఎంత రాయి పోసినా బురదలో దిగబడిపోతుంది. కాబట్టి రాళ్ళ పొర పని ఒక్కటే, నేలకి పైకప్పులా ఉండటం.

ఇక మిగతా రూల్స్ అన్నీ అందులోంచే వచ్చాయి. రోడ్డుని గోతిలో వేయొద్దు, గోయి తవ్వి రాయి నింపితే అది నీళ్ళ తొట్టి అవుతుంది. చుట్టూ నేలకంటే ఎత్తులో వేసి, పక్కన కాలువలు తవ్వాలి. 30 అడుగుల వెడల్పు రోడ్డుకి నడుమ 3 అంగుళాల ఎత్తు చాలు. గుండ్రటి రాళ్ళు దొర్లుతాయి కాబట్టి పగలగొట్టిన కోసు రాళ్ళే వాడాలి, బండ్లు తిరిగేకొద్దీ అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఒక్కో రాయి 6 ఔన్సులు, అంటే సుమారు 170 గ్రాములు దాటకూడదు. ఆ రాళ్ళని ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు కూడా కూర్చుని చిన్న సుత్తులతో కొట్టేవాళ్ళు. ఆ రోడ్ల వెనక వాళ్ళ చెమట ఉందని మర్చిపోకూడదు.

తర్వాత కార్లొచ్చాయి, దుమ్ము లేచింది. 1902లో ఎడ్గర్ హూలీ అనే సర్వేయర్ తారు కలిపిన మెకాడమ్‌కి పేటెంట్ తీసుకున్నాడు. తారొచ్చినా పాత రూల్ మారలేదు. మీ వీధిలో చూడండి, నీళ్ళు నిలిచే చోటే ముందు గుంత పడుతుంది.

సరే, మన ఇంటి దారి సంగతి. ఈ ఏడాది ట్రాక్టర్‌కి ఫోన్ చేసే ముందు మేం పార పట్టుకున్నాం. ముందు పై నుంచి వచ్చే నీళ్ళని దారి ఎక్కకుండా పక్క కాలువలోకి మళ్ళించాం. నీళ్ళు దారిని దాటి తీరాల్సిన చోట అడుగున తూము వేశాం. గాడుల్ని అడుగుదాకా గీకి చదును చేశాం, ఎందుకంటే గాడిలో ఊరికే మొరం నింపితే కింద ఆ గాడి అలాగే ఉంటుంది. మొరం దారికి 3 నుంచి 4 శాతం వాలు కావాలి. అంటే 10 అడుగుల దారికి నడుమ సుమారు 2 అంగుళాల ఎత్తు. ఇవన్నీ అయ్యాకే మొరం పోసి, తడిపి, రోలర్ తిప్పించాం. గుండ్రటి గులకరాయి కాకుండా కోసు కంకర, సన్నపొడి కలిసినదే తెప్పించాం.

మొదటి పెద్ద వాన రాత్రి పడింది. పొద్దున లేచి చూస్తే కాలువ నిండా ఎర్రనీళ్ళు, దారి మాత్రం ఉంది. ఒక అంచున కొంచెం కోసింది, అక్కడ రాళ్ళు పేర్చాలి. ఏటా కాలువలో పూడిక కూడా తీయాలి. పని అయిపోయిందని అనను.

మీకు ఒక్క హోంవర్క్. ఈసారి గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని బయటికెళ్ళి, మీ దారిలో నీళ్ళు ఎటు పారుతున్నాయో ఫోన్‌లో వీడియో తీయండి. ఎండలో ఎంత చూసినా కనపడని తప్పు ఆ రెండు నిమిషాల్లో కనపడుతుంది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.