ముక్కు జబ్బుకీ కడుపుకీ చుట్టరికం

రియాద్‌లోనో దమ్మాంలోనో కాపురముంటున్న మన ఇళ్ళల్లో పిల్లలు పొద్దున్న లేస్తూనే వరసగా తుమ్మడం మామూలే. "కడుపులో మంచి బ్యాక్టీరియా తగ్గింది, ప్రోబయాటిక్ గోళీలు వెయ్యండి" అన్న సలహా కూడా వినిపిస్తూంటుంది. ఈ మాట ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దాం.

ముక్కు జబ్బు పాతదే. వసంతంలో గులాబీల వాసనకి కొందరికి జలుబెందుకు చేస్తుందో పర్షియా వైద్యుడు అల్ రాజీ వెయ్యేళ్ళ కిందటే రాశాడు. 1819లో లండన్ డాక్టరు జాన్ బోస్టాక్, ఏటా ఎండాకాలంలో తనకొచ్చే బాధనే వర్ణించాడు. 1873లో చార్లెస్ బ్లాక్లీ తనమీదే ప్రయోగాలు చేసుకుని, కారణం పుప్పొడి అని చూపించాడు.

ఎడారిలో పుప్పొడెక్కడిది అంటారా? పచ్చదనం కోసం సౌదీలో నాటిన చెట్లలో మన సర్కారు తుమ్మ ఒకటి. జమైకా విత్తనాలతో అది 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురం చేరింది. కడప నుంచి గల్ఫ్‌కి వచ్చినవాళ్ళకి ఇక్కడా అదే చెట్టు! తోటకూర జాతి మొక్క పుప్పొడి కూడా సౌదీలో ఏడు ప్రాంతాల గాలిలో ఉందని 2007లో ఒక అధ్యయనం వచ్చింది.

మరి అదే గాలి పీల్చే ఇద్దరిలో ఒక్కరికే ఎందుకు? 1989లో డేవిడ్ స్ట్రాకన్, 1958లో పుట్టిన 17,414 మంది బ్రిటిష్ పిల్లల వివరాలు పరిశీలించాడు. అన్నలూ అక్కలూ ఎక్కువున్న పిల్లల్లో ఈ జబ్బు తక్కువ. చిన్నప్పుడు తోబుట్టువుల నుంచి అంటుకునే క్రిములే కాపాడుతున్నాయేమోనని ఆయన ఊహ. తర్వాతి శాస్త్రజ్ఞుల చూపు పేగుల్లోని బ్యాక్టీరియా మీదికి మళ్ళింది. పప్పులూ కూరల్లోని పీచుని అవి పులియబెట్టినప్పుడు బ్యూటిరేట్ వంటి ఆమ్లాలు పుడతాయి. రోగనిరోధక వ్యవస్థ అనవసరంగా రెచ్చిపోకుండా అదుపుచేసే కణాలకి ఇవి బలమిస్తాయని ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది.

గోళీల సంగతో? కొన్ని పరీక్షల్లో తుమ్ములు కొంత తగ్గాయి, కొన్నిట్లో తేడా కనిపించలేదు. ఒక రకం బ్యాక్టీరియాతో వచ్చిన ఫలితం ఇంకో రకానికి వర్తించదు. అందుకని వాటిని నమ్ముకుని డాక్టరు రాసిన ముక్కు స్ప్రే మానెయ్యకండి. ఈ జబ్బున్న పిల్లల్లో ఉబ్బసం కూడా ఎక్కువగా కనిపిస్తుంది. పిల్లికూతలు వినిపిస్తే ఆలస్యం చెయ్యకండి. పప్పు, ఆకుకూర, మజ్జిగ, అది లేనినాడు ఇక్కడి లబన్, పిల్లలకి పెట్టండి. మందుగా కాదు, మంచి తిండిగా.