హెల్సింకీ యాత్రకు ముందు

విదేశ నగరమును చూడబోవువారు విడిదిని గూర్చియు, ఋతువును గూర్చియు, వ్యయమును గూర్చియు ముందుగా ఆలోచింతురు. అది అవసరమే. కాని ఫిన్లండు రాజధానియైన హెల్సింకీకి పోవువారు ఒక ప్రశ్నను కూడ వెంట గొనిపోవుట మంచిది. రష్యా చక్రవర్తుల యేలుబడినుండి 1917లో విడివడి స్వతంత్రమైన ఆ దేశమున, రాజధాని నడిబొడ్డున, రష్యా చక్రవర్తి విగ్రహము నేటికిని ఏల నిలిచియున్నది? దీనికి సమాధానము దొరికినచో నగర చరిత్ర చాలవరకు తెలిసినట్లే.

మొదట కాలనిర్ణయము. జూను నెలలో అచ్చట పగలు దాదాపు 19 గంటలుండును; డిసెంబరులో ఆరు గంటలకు లోపే. కావున కాలినడకన కట్టడములను చూడగోరువారికి వేసవి మాసములే అనుకూలములు.

తొలిదినము ఉదయమున రేవు చెంతనున్న సంతమైదానమునుండి పడవ నెక్కినచో, పావుగంటలో సువోమెన్లిన్నా దుర్గమును చేరవచ్చును. స్వీడను రాజు గుస్తావ్ వాసా, తాలిన్ రేవు వర్తకమునకు పోటీగా, 1550లో హెల్సింకీని స్థాపించెను. రెండు వందల ఏండ్లు గడచినను అది చిన్న పట్టణముగనే యుండెను. రష్యావలని భయముచేత స్వీడను ప్రభుత్వము 1748లో ఈ ద్వీపములపై కోట నారంభించెను. ఇంత శ్రమపడి కట్టిన కోట 1808లో రష్యా సేనలకు లొంగిపోయెను. మరుసటి సంవత్సరము ఫిన్లండు స్వీడను చేతినుండి జారి, రష్యా చక్రవర్తి ఛత్రచ్ఛాయలో స్వపరిపాలన గల సంస్థానమయ్యెను. దేశ ప్రాచీన శాసనములను, మతమును కాపాడుదునని మొదటి అలెగ్జాండరు 1809లో పోర్వో సభయందు మాట యిచ్చెను. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెను.

తిరిగివచ్చి సెనేటు చౌకునకు నడువవలెను. స్వీడనుకు సమీపమున నున్న తుర్కు పట్టణమునుండి రాజధానిని 1812లో హెల్సింకీకి మార్చిరి. 1808 నాటి అగ్నిప్రమాదమున పట్టణములో చాలభాగము దగ్ధమై యుండుటచే, క్రొత్త వీధులు తీర్చుటకు చోటు దొరికెను. ఏరెన్‌స్ట్రామ్ నగరమునకు ప్రణాళిక వ్రాసెను. బెర్లినునందు జన్మించిన ఎంగెల్ కట్టడములకు రూపము దిద్దెను. తూర్పున సెనేటు భవనము 1822లోను, పడమట విశ్వవిద్యాలయము 1832లోను వెలసినవి. ఉత్తరమున మెట్లపైని తెల్లని దేవాలయము 1852లో పూర్తియగునప్పటికి ఎంగెల్ గతించి పండ్రెండేండ్లయ్యెను. చౌకు మూలనున్న సేడర్‌హోమ్ గృహము 1757 నాటిది. దాని ప్రక్క నిలిచి చూచినచో పాత పట్టణమునకును, చక్రవర్తుల రాజధానికిని గల అంతరము తేటపడును.

ఆ చౌకు మధ్యనున్నది రెండవ అలెగ్జాండరు విగ్రహము. అర్ధశతాబ్దికి పైగా సమావేశము కాని ప్రజాప్రతినిధి సభను 1863లో పిలిపించినవాడు ఇతడే. ఫిన్నిష్ భాషకు ప్రభుత్వ వ్యవహారములందు స్వీడిష్ భాషతో సమానస్థానము కల్పించు శాసనము కూడ ఆ యేటనే వెలువడెను. దాని అమలుకు 20 ఏండ్ల గడువిచ్చిరి. 1894లో నెలకొల్పిన ఈ విగ్రహమును వాల్టర్ రూనెబెర్గ్ మలచెను. పీఠమున సింహము చెంత నిలిచిన స్త్రీమూర్తి ధర్మశాసనమునకు ప్రతీక.

ఇతని మనుమడైన రెండవ నికొలాసు 1899లో ప్రకటన గావించి, ఫిన్లండు శాసనాధికారమును కుదించెను. అప్పుడు జనులు ఈ విగ్రహము పాదములకడ పూలు రాశులుగా పోసిరి. తాతకు పూలు పెట్టుట నేరమని మనుమని కొలువులో ఏ యధికారి చెప్పగలడు? రెండు వారములలో ఐదు లక్షలకు పైగా సంతకములు సేకరించి, 500 మంది ప్రతినిధులు రాజధానికేగిరి; చక్రవర్తి వారికి దర్శన మీయలేదు. పోరాటమంతయు పూలతోనే సాగినదనుకొనరాదు. 1904లో గవర్నరు జనరలు బోబ్రికోవ్‌ను ఇదే చౌకునందలి సెనేటు భవనములో కాల్చిరి. 1906లో స్త్రీలకు వోటుహక్కుతోపాటు శాసనసభకు పోటీచేయు హక్కు కూడ లభించెను. మరుసటి యేట 19 మంది స్త్రీలు ఎన్నికైరి. స్వాతంత్ర్యము వచ్చిన వెంటనే, 1918లో, సోదరులు సోదరులతో పోరాడిరి. ఉదయమున చూచిన దుర్గమే ఓడినవారికి చెరసాలయై, పలువురు అందు మరణించిరి.

రెండవ దినమున ఒలింపిక్ క్రీడాస్థలి చెంత నిలిచిన గోపురమును చూడవచ్చును. 1940 క్రీడలకై నిర్మించిన ఆ స్థలమునకు యుద్ధమువలన 1952 వరకు ఆ భాగ్యము కలుగలేదు. ఆ యేట హెల్సింకీలో మన హాకీ జట్టు స్వర్ణమును, కె. డి. జాదవ్ కుస్తీలో కాంస్యమును గెలిచిరి.

విగ్రహమును తొలగింపవలెనను వాదము స్వాతంత్ర్యానంతరము లేకపోలేదు. అయినను అది నిలిచినది. ఏలినవారి నందరను ఒకే గాట కట్టక, మాట నిలుపుకొన్నవానిని, తప్పినవానిని ఆ ప్రజలు వేర్వేరుగా లెక్కించిరి. యాత్రికుడు ఆ పీఠముకడ నిలిచినప్పుడు పైనున్న చక్రవర్తిని మాత్రమే చూచి మరలిపోక, క్రిందనున్న ధర్మశాసనమూర్తిని కూడ కాసేపు చూడవలెను. 1899లో పూలు తెచ్చినవారు మ్రొక్కినది ముఖ్యముగా ఆమెకే.