కొండ సైలెంట్ అయిపోతే సంతోషించాలా, భయపడాలా? పినటుబో 1991

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలే కాదు కదా. ఇవాళ ఒక కొండ కథ చెప్తాను. ఫిలిప్పీన్స్‌లోని పినటుబో. 1991 జూన్ 15న పేలింది. 20వ శతాబ్దంలో ఇది రెండో అతిపెద్ద అగ్నిపర్వత విస్ఫోటనం. పేలుడు వీడియోలు మీరు చూసే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది అంతకు ముందు సంగతి. ఆ కొండ లోపల ఏం దాచుకుంది? పైనున్నవాళ్లు దాన్ని ఎలా పసిగట్టారు?

సినిమాల్లో అగ్నిపర్వతం కింద ఎర్రగా సలసల కాగే చెరువు చూపిస్తారు. పినటుబో కింద అలా లేదు. ఏడెనిమిది కిలోమీటర్ల లోతులో ఉన్న మాగ్మాలో దాదాపు సగం గట్టి స్ఫటికాలే. పూస కట్టిన నెయ్యి గుర్తు తెచ్చుకోండి. పూసల మధ్య కాస్త ద్రవం ఉంటుంది చూడండి, అలాగన్నమాట. వేడి సుమారు 780 డిగ్రీలు. మాగ్మా లెక్కలో అది బాగా చల్లారినట్టే. అంత చిక్కటిది తేలిగ్గా కదలదు. అందుకే కొండ దాదాపు 500 ఏళ్లు నిద్రపోయింది. చుట్టూ ఊళ్లు వెలిశాయి. వాలుల్లో ఆయెటా ఆదివాసులు, పక్కనే అమెరికా వాళ్ల క్లార్క్ వైమానిక స్థావరం.

మరి నిద్ర లేపిందెవరు? ఇంకా లోతు నుంచి పైకొచ్చిన బసాల్ట్ అనే మరో మాగ్మా. ఇది చాలా వేడి. పేరుకున్న నెయ్యిలో మరిగే నెయ్యి పోస్తే ఏమవుతుంది? కరిగి కదులుతుంది. ఇక్కడా అదే జరిగింది.

ఏప్రిల్ 2న కొండ మీద ఆవిరి పేలుళ్లు మొదలయ్యాయి. ఫిలిప్పీన్స్ సంస్థ ఫివోల్క్స్, అమెరికా సంస్థ యూఎస్‌జీఎస్ శాస్త్రవేత్తలు కలిసి పరికరాలు పెట్టారు. మే 13న కొండ నుంచి రోజుకి 500 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ వస్తోంది. మే 28కి అది 5,000 టన్నులు. ఆ తర్వాత సడన్‌గా పడిపోయింది. జూన్ 5కల్లా 300 టన్నులు కూడా లేదు.

హమ్మయ్య, చల్లబడింది అనుకోవచ్చా? ఊళ్లు ఖాళీ చేయించాక ఏమీ కాకపోతే, ఇంకోసారి ఎవరూ మాట వినరు. చేయించకపోతే వేలమంది పోతారు. కానీ గ్యాస్ తగ్గినా భూకంపాలు తగ్గలేదు. గోలీసోడాలో గోలీ బిగిసి ఉన్నంతసేపు గ్యాస్ బయటికి రాదు. అంటే లోపల లేదని కాదుగా! దారి మూసుకుపోయింది, ఒత్తిడి పెరుగుతోంది అని వాళ్లు అర్థం చేసుకున్నారు.

జూన్ 7న కొండపైన లావా బుడిపె తేలింది. ఆ రాయిలో పాత మాగ్మా, కొత్త బసాల్ట్ రెండూ కలిసి ఉన్నాయి. కింద జరిగిన కలయికకి అదే సాక్ష్యం.

మాటలతో నమ్మని వాళ్లకి వీడియో చూపించారు. అగ్నిపర్వతాలు ఎంత ప్రమాదమో చెప్పే ఆ వీడియో తీసినవాళ్లలో మోరిస్ క్రాఫ్ట్ ఒకరు. ఇక్కడ జనం దాన్ని చూసి కదులుతున్న ఆ రోజుల్లోనే, జూన్ 3న, జపాన్‌లో ఉన్‌జెన్ అగ్నిపర్వతం దగ్గర ఆయన, భార్య కాట్యా చనిపోయారు. ఈ ఒక్క విషయం నన్ను చాలాసేపు వదల్లేదు.

జూన్ 9న అత్యున్నత హెచ్చరిక ఇచ్చారు. మర్నాడు క్లార్క్ నుంచి దాదాపు 14,500 మంది వెళ్లిపోయారు. 15న కొండ పేలింది. బూడిద 35 కిలోమీటర్ల ఎత్తుకి లేచింది. అదే రోజు యున్యా తుఫాను. తడిసిన బూడిద బరువుకి ఇళ్ల కప్పులు కూలి వందలమంది చనిపోయారు. కొండ ఎత్తు 260 మీటర్లు తగ్గింది. అయినా ముందే ఖాళీ చేయించడం వల్ల కనీసం 5,000 ప్రాణాలు దక్కాయని యూఎస్‌జీఎస్ అంచనా.

కింద ఉన్నదాన్ని వాళ్లలో ఎవరూ కళ్లారా చూడలేదు ఫ్రెండ్స్. గ్యాస్, భూకంపాలు, ఒక రాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివారు, టైమ్‌కి చెప్పారు. అంతే. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం.