ఆముదం నుంచి గ్లైకాల్ దాకా: మోటారుసైకిలు బ్రేకుల గతం

మోటారుసైకిలు బ్రేకును యజమానే ఇంట్లో సరిచేసుకునే అలవాటు మన దేశంలో డ్రమ్ము బ్రేకుల కాలంలో స్థిరపడింది. 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి బుల్లెట్‌లో గాని, మైసూరులోని ఐడియల్ జావా 1960ల ఆరంభం నుంచి తయారుచేసిన బండ్లలో గాని, చక్రం నడుమ ఉండే డొల్ల భాగమైన డ్రమ్ములో అర్ధచంద్రాకారపు షూలు రెండు అమర్చి ఉండేవి. లివరు నొక్కగానే కేబులో కడ్డీయో కామ్‌ను తిప్పగా, ఆ షూలు విచ్చుకొని డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకొని చక్రాన్ని ఆపేవి. షూల మీది లైనింగు అరిగేకొద్దీ లివరు వదులవుతుంది, ఆ వదులు చేతికే తెలుస్తుంది, నట్టు కాస్త బిగిస్తే తీరిపోతుంది. అందుకే ఒక్క స్పానరు చేతిలో ఉన్నవాడు కూడా మెకానిక్కును ఆశ్రయించకుండా ఏళ్లు నెట్టుకు రాగలిగాడు. అయితే ఆనాటి లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది కనుక, డ్రమ్ము విప్పి లోపలి దుమ్మును నోటితో ఊదే అలవాటు ఊపిరితిత్తులకు ఎంత చేటో అప్పట్లో పట్టించుకున్నవారు తక్కువ.

తీగకు బదులు ద్రవంతో బలాన్ని పంపే పద్ధతి మొదట కార్లలో రూపుదిద్దుకుంది. అమెరికాలో మాల్కమ్ లాక్‌హీడ్ రూపొందించిన ఈ ఏర్పాటును 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ అమర్చారు. ఖనిజ నూనె తగిలితే సహజ రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి కాబట్టి, తొలితరం ద్రవాల్లో ఆల్కహాలుతో పాటు ఆముదం కలిపేవారు. తెలుగు ఇళ్లలో దీపానికీ తలకూ వాడిన నూనెకు దూరదేశపు కారు ఆపే పని కూడా దక్కడం విచిత్రమే. ఆముదం చలికి చిక్కబడుతుంది గనుక, తరవాతి కాలంలో గ్లైకాల్ ఈథర్ల ద్రవాలు దాని స్థానాన్ని ఆక్రమించాయి.

ద్విచక్ర వాహనాలకు ఈ మార్పు ఆలస్యంగా చేరింది. 1962 నాటి లాంబ్రెటా టీవీ 175 స్కూటరుకు డిస్కు బ్రేకు, అంటే చక్రంతో పాటు తిరిగే పళ్లేన్ని ప్యాడ్లు నొక్కి ఆపే ఏర్పాటు, ఉన్నా దాన్ని నడిపింది కేబులే. 1969లో హోండా సీబీ 750 ద్రవంతో పనిచేసే ముందు డిస్కును విస్తృత ఉత్పత్తిలోకి తెచ్చింది. భారతీయ కొనుగోలుదారుకు అది మామూలు విషయం కావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టి, 1999లో హీరో హోండా సీబీజెడ్, 2001లో బజాజ్ పల్సర్ వచ్చాకే డిస్కు బ్రేకు వీధుల్లోకి దిగింది.

దీనితో ఇంటి మరమ్మతు స్వభావమే మారిపోయింది. గ్లైకాల్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ దాని మరుగు స్థానం పడిపోతుంది: డాట్ 3 రకానికి ఉండవలసిన కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్, తేమ చేరాక 140, డాట్ 4 రకానికి 230, 155. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడెక్కిన ద్రవం మరిగితే పుట్టే ఆవిరి, ద్రవంలా కాక, ఒత్తిడికి కుంచించుకుపోతుంది కనుక లివరు హ్యాండిలు దాకా వచ్చినా బండి ఆగదు. అరిగిన లైనింగు చేసే హెచ్చరిక చెడిన ద్రవం చేయదు. కాబట్టి నట్టు బిగించే చేయి ఇప్పుడు తేదీ చూసుకొని, సాధారణంగా రెండేళ్లకోసారి, ద్రవాన్నే మార్చవలసి వచ్చింది. ఇందులో కీలకమైన పని గాలి తీయడం, అంటే లివరు నొక్కిపట్టి, ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ మీది నిపిలు వదులుచేసి, పాత ద్రవాన్నీ బుడగలనూ గొట్టంలోకి వదిలి, లివరు విడిచేలోపే నిపిలు బిగించడం.

ద్రవం నిలవుండే రిజర్వాయరులో మట్టం తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండవచ్చు, లేదా ఎక్కడో కారుతూ ఉండవచ్చు; కారణం చూడకుండా పైపైన ద్రవం పోయడం లోపాన్ని దాచడమే. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను డాట్ 3, డాట్ 4 ద్రవాలతో కలపకూడదు. ఏ రకం పోయాలో రిజర్వాయరు మూత మీదే ముద్రించి ఉంటుంది.