వేళ్లకు రక్తప్రసరణ: ఒక శస్త్రచికిత్స చరిత్ర

పరిచయం

చలి తగలగానే కొందరి చేతివేళ్లు తెల్లగా పాలిపోతాయి. తరవాత నీలంగా, చివరకు ఎర్రగా మారతాయి. వేళ్లలోని సన్నని ధమనులు బిగుసుకుపోవడమే ఇందుకు కారణం. వ్యాధి ముదిరితే పుండ్లు పడతాయి, వేలికొన కుళ్లిపోవచ్చు కూడా. పారిస్ వైద్యుడు మోరిస్ రేనో 1862లో తన సిద్ధాంత గ్రంథంలో దీన్ని వర్ణించాడు. ఈ భాగం చదివేటప్పుడు మీరు ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి: చికిత్స ఫలిస్తే, దాని వెనకున్న సిద్ధాంతం రుజువైనట్లేనా?

నాడులపై అనుమానం

రేనోకు సుమారు పదేళ్ల ముందు క్లాడ్ బెర్నార్డ్ కుందేలు మెడలోని సహానుభూత నాడిని కోసి, ఆ వైపు చెవి వెచ్చబడడం గమనించాడు. ఈ నాడులు రక్తనాళాలను బిగిస్తాయని ఆ కాలపు ప్రయోగాలు తేల్చాయి. రేనో కూడా నాడుల అతి ఉత్తేజమే వ్యాధికి మూలమన్నాడు. అలాగైతే నాడిని తెంచితే వ్యాధి పోవాలి కదా!

1913లో ఫ్రాన్సులో రెనె లెరీష్ ధమని పైపొరను, అందులోని నాడీతంతువులతో సహా ఒలిచే చికిత్సను చేపట్టాడు. 1925లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఆడ్సన్, బ్రౌన్‌లు ఈ వ్యాధికి నడుము దగ్గరి సహానుభూత నాడీసంధులను తొలగించారు. పాదాలు వెచ్చబడ్డాయి. తరవాత చేతుల కోసం మెడ, ఛాతీ పైభాగాల్లోని నాడీసంధులనూ తీశారు. పాదాల్లో మేలు నిలిచింది. చేతుల్లో మాత్రం చాలామందికి వ్యాధి తిరగబెట్టింది.

లూయిస్ ఆక్షేపణ

1929లో లండన్‌లో థామస్ లూయిస్ తన ప్రయోగాలను ప్రకటించాడు. నాడికి మత్తుమందు ఇచ్చి దాని పని ఆపినా, చలికి వేలు తెల్లబడుతూనే ఉంది. కాబట్టి అసలు లోపం వేలి ధమనుల్లోనే ఉందని ఆయన వాదించాడు. నాడిని కోస్తే ధమని కొంత సడలుతుంది. దాని లోపం మాత్రం అలాగే ఉండిపోతుంది.

తిరిగి వేలి దగ్గరికి

1980లో ఏడ్రియన్ ఫ్లాట్ వేలి ధమనుల పైపొరనే ఒలిచే శస్త్రచికిత్సను ప్రకటించాడు. లెరీష్ పద్ధతే, కానీ చోటు మారింది. నేడు మొదట చలి నుంచి రక్షణ, మందులు. వాటికి లొంగని పుండ్లున్నప్పుడే శస్త్రచికిత్స.

సారాంశం

ఉపశమనం వేరు, కారణ నిరూపణ వేరు. చేతుల్లో ఎదురైన వైఫల్యమే వైద్యులను అసలు కారణం వైపు నడిపింది. చరిత్ర విద్యార్థులుగా మీరు విజయాలతోపాటు వైఫల్యాలనూ ఆధారాలుగా చదవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: లూయిస్ ప్రయోగం రేనో వివరణను ఏ విధంగా ప్రశ్నించింది?