గడి, కామాటి: రెండు మాటల చరిత్ర

తెలంగాణ పల్లెల్లో దొర ఉండే కట్టడాన్ని 'గడి' అంటారు. ముంబయిలో పెరిగిన మన విద్యార్థులకు ఈ మాట కొత్తగా తోచవచ్చు గాని, మరాఠీ తెలిసినవారికి ఇది పరాయిది కాదు. మరాఠ్వాడాలో దేశ్‌ముఖుల, పాటీళ్ళ కట్టుదిట్టమైన ఇళ్ళను 'గఢీ' అంటారు. చాలాకాలం ఒకే పాలకుల కింద ఉన్న ఈ రెండు ప్రాంతాలకు పదవులతో పాటు పదాలు కూడా ఉమ్మడి అయినాయి.

ఇటువంటి కట్టడాలలో ప్రసిద్ధమైనది ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని దోమకొండ. నిజాం రాజ్యంలోని సంస్థానాలలో ఇదొకటి, ఏలినవారు కామినేనివారు. 16వ శతాబ్దిలో 'షట్చక్రవర్తి చరిత్ర' రచించిన మల్లారెడ్డి ఈ వంశంవాడే. రాతి ప్రాకారం లోపల కాకతీయుల కాలపు మహాదేవుని గుడి, అద్దాల మేడ ఉన్నాయి. ఈ కట్టడాన్ని కోట అన్నా, ఖిల్లా అన్నా, గడి అన్నా చెల్లుతుంది. అయితే మూడు మాటలూ ఒకటి కావు. 'కోట' శత్రుభయాన్ని, 'ఖిల్లా' ఉర్దూ పాలనను, 'గడి' దొరతనాన్ని గుర్తుచేస్తాయి.

దొరతనానికి రెండో ముఖం వెట్టి. తెలంగాణ పల్లెల్లో కూలి లేకుండా చేయించుకున్న పనికి గడియే కేంద్రం. 1946–51 నాటి రైతాంగ పోరాటంలో 'గడి' అన్న మాట దౌర్జన్యానికి పర్యాయపదమైంది. 1949లో జాగీర్లు రద్దయిన తరువాత అనేక గడులు పాడుపడినాయి.

ఇక 'కామాటి'. మట్టిపని, కట్టుబడి పని చేసే కూలి అని దీని అర్థం. నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల నుంచి బొంబాయికి వచ్చి ఆ పనులు చేసినవారి వల్లనే కామాటిపురకు ఆ పేరు వచ్చింది. వలస వచ్చిన కూలీల పేరు ఒక పేటకు నిలవడం అరుదు. కాని ఆ పేట గురించి వినిపించే కథల్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో రెండు కట్టడాలకు ఒకే శ్రేణి గుర్తింపు లభించింది. ఒకటి, ఏలిన వంశంవారే బాగుచేయించిన దోమకొండ. రెండోది, కామాటిపురకు దగ్గరలోని బైకల్లా రైల్వే స్టేషను. దాని రాతి కట్టడం 1857 నాటిది.

గడి చరిత్రలో వంశావళి ఉంటుంది. రాయి మోసినవారి వంశావళి ఉండదు. వారి చరిత్రకు మిగిలిన ఆధారాలలో మాట ఒకటి. అందుచేత మన విద్యార్థులు తమ చాళ్ళలోని పెద్దలను గడి, వెట్టి, కామాటి అన్న మాటల గురించి అడిగి, వారు చెప్పినది చెప్పినట్టే రాసిపెట్టాలని మేము కోరుతున్నాము. ఆ పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి.